పింజ అను మాట

పాలమూరు మెట్టసీమలో ఎండ తగ్గిన యొక సాయంకాలము, ఊరి వెలుపలి వేపచెట్టు క్రింద మందను నిలిపి, కాళ్లు కట్టి పడవేసిన నల్లగొర్రె ప్రక్కన గొంతుకూర్చుండి, పెద్దకత్తెరతో దాని వీపుమీది బొచ్చును పొరలుపొరలుగా తీయుచున్న యొక కురుమ వృద్ధుని, ఆ బొచ్చును ఒడిలో వేసికొని పల్లేరుకాయలను ఒక్కొక్కటిగా ఏరివేయుచున్న అతని భార్యను చూచుచు నేను చాలసేపు నిలిచితిని. చేతికందిన నల్లని ముద్ద నొకదానిని తీసికొని, "ఇంత బొచ్చు ఒక్క గొర్రెకేనా, అవ్వా?" అని యడిగితిని. ఆమె నా చేతిలోనిదానిని చూచి, "గొర్రె మీదున్నప్పుడు బొచ్చు బిడ్డా. కత్తిరిచ్చినంక ఉన్ని. ఏకినంక పింజ. వడికితె నూలు" అని, ఆ ముద్దను నా చేతినుండి తీసికొని తన గంపలో వేసికొన్నది.

ఒకే వెండ్రుకకు నాలుగు స్థితులయందు నాలుగు పేర్లు! వస్తువు మారినపుడు మాట మారవలెనను నియమమును, మాట మారినచోట వస్తువునందు ఏ మార్పు కలిగెనో గుర్తించు జాగరూకతయు శాస్త్రమునకు పునాదిరాళ్లు. అవి రెండును ఆమె వ్రేళ్ల కొసలయందున్నవి. నాటినుండి, మెత్తని నూగు గల వస్తువులను, కుచ్చులు కట్టిన వస్తువులను వర్ణించుటకు లోకమున శాస్త్రజ్ఞులు ఏ మాటలను వాడుచున్నారు, ఆ మాటలు ఎవరి చేతులనుండి వారికి వచ్చినవి యను విచారము నన్ను విడువలేదు. ఆ విచారము నన్ను పాలమూరి గొర్రెలమందనుండి నల్లగొండ మంచినీళ్ల బావివరకు నడిపించినది.

లాటిన్ భాషయందు ఫ్లోకస్ అను పదమొకటి కలదు. ఉన్నికుచ్చు, పింజ అని దాని యర్థము. ప్రాచీన రోమనులు ఒకనిని లెక్కచేయమని చెప్పదలచినపుడు, వానిని ఉన్నిపింజపాటిగా నైనను ఎంచమని పలికెడివారు. మనము గడ్డిపోచతో సమానముగా చూచుట అనునది దానికి దగ్గరి పలుకుబడి. అంత తేలికగా ఎంచబడిన ఆ పింజయే తరువాతి శతాబ్దములలో వృక్షశాస్త్రములో ఆకుమీది నూగునకు, వాతావరణశాస్త్రములో మేఘమునకు, శరీరశాస్త్రములో చిన్నమెదడునందలి యొక చిన్న తమ్మెకు, రసాయనశాస్త్రములో నీటియం దేర్పడు తెల్లని అవక్షేపమునకు పేరైనది. చిన్నమెదడు క్రిందిభాగమున ఇరుప్రక్కల కుచ్చువలె నుండు ఆ తమ్మెను ఫ్లోక్యులస్, అనగా చిన్నపింజ, అని పిలుతురు. తల త్రిప్పినను చూపు చెదరకుండ నిలుపుటలోను, శరీరము తూలకుండుటలోను దానికి పాలున్నది. గొర్రెలకాపరి చేతిలోని మాట పండితుని గ్రంథములోనికి వచ్చుటకు అక్కడ ఎవరును సిగ్గుపడలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో మనకు ముందు పని కలదు.

సంస్కృతమున ఉన్నికి ఊర్ణ యని పేరు. మన ఉన్ని ఆ ఊర్ణకు ప్రాకృతము మీదుగా వచ్చిన తద్భవము. లాటిన్‌లో ఉన్నిని లానా యనుటయు, ఇంగ్లీషులో వుల్ అనుటయు, ఈ మూడు మాటలును ఒక్క ప్రాచీనధాతువునుండియే చీలివచ్చినవనుటయు భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించిన విషయములు. నాభియందు ఊర్ణ గలది గనుక సాలెపురుగు ఊర్ణనాభమైనది. కనుబొమల నడుమ తెల్లని మెత్తని వెండ్రుకల సుడి యుండుట బుద్ధుని ముప్పదిరెండు మహాపురుషలక్షణములలో నొకటి. దానికిని ఊర్ణ యనియే పేరు. నల్లగొండసీమలోని ఫణిగిరి కొండమీద ఆరామములు కట్టుకొని నివసించిన బౌద్ధభిక్షువులకు ఆ మాట సుపరిచితమై యుండవలెను. కొండ దిగువ గొర్రెలు కాచుకొనువారికి దాని తద్భవము సుపరిచితము.

ఉన్నికిని పత్తికిని గల భేదము మా సీమలో వస్త్రభేదము మాత్రమే కాదు. కురుమలలో ఉన్ని కంకణమువారు, పత్తి కంకణమువారు అని రెండు శాఖలు కలవు. పెండ్లినాడు మణికట్టునకు కట్టు కంకణము ఉన్నిదారముతో చేసినదా, నూలుదారముతో చేసినదా యనునదియే ఆ పేర్లకు మూలము. స్పర్శను బట్టి మనుష్యులు తమ్ము తాము గుర్తించుకొన్న సీమ యిది. కులదైవమైన బీరప్ప కథను ఒగ్గువారు చెప్పునపుడు వినవచ్చిన పెద్దలు కూర్చుండుట గొంగడిమీదనే. వానలో మందవెంట పోవువాడు తలమీదుగా మడిచి ముసుగు వేసికొనునదియు గొంగడియే. రాత్రి పొలములో మంద వేసినపుడు పరుపును దుప్పటియు అదియే.

ఆ గొంగడి ఎట్లు తయారగునో కొంచెము చెప్పవలసి యున్నది; ఏలయన మీదట చెప్పబోవు శాస్త్రపదములన్నిటికిని కొలబద్ద నేను దానినుండియే తీసికొందును. దక్కనీజాతి గొర్రె ఉన్ని ముతకది, ఎక్కువగా నల్లనిది. దానిని ఏకి, విడదీసి, పింజలుగా చేసి, స్త్రీలు వడికిన నూలును మగ్గమునకెక్కించుటకు ముందు పడుగునకు చింతగింజల గంజి పట్టింతురు. ఆ గంజివలన పోగులు బిగిసి, నేత దట్టమగును. ఉన్నివెండ్రుకను సూక్ష్మదర్శినితో చూచినచో దానిమీద చేపకున్నట్లు పొలుసులు కనిపించును. తడిసి ఒరసికొన్నపుడు ఒకదాని పొలుసులు మరియొకదాని పొలుసులలో చిక్కుకొని, వదలుటకు వీలులేక అట్టగట్టును. అందువలన వాడినకొలది గొంగడి మందమై, వానబొట్టు తనలోనుండి కారిపోనీయక పైననే నిలుపును. మరి చాల యేండ్లు వాడిన గొంగడియో? అంచులయందును మడతలయందును చిన్నచిన్న కుచ్చులుగా లేచి, పట్టి లాగినచో పింజలు పింజలుగా ఊడివచ్చును.

1751లో స్వీడను దేశపు లిన్నేయస్ మహాశయుడు ఫిలసోఫియా బొటానికా యను గ్రంథమున మొక్కలను వర్ణించుటకు పరిభాషను నిర్ణయించినపుడు, ఆకుమీద చేయివేసి చూచువానికి కలుగు స్పర్శాభేదములకు కూడ వేరువేరు మాటలు నిలువవలసివచ్చెను. గొంగడిలో తినుచు వెండ్రుకలేరినట్లు అని మనము వ్యర్థశ్రమను గూర్చి సామెత చెప్పుదుము. కాని వృక్షశాస్త్రజ్ఞునకు ఆ వెండ్రుకలేరుటయే విద్య. రెండు మొక్కలు పూవునందును కాయయందును ఒకటిగానే కనిపించినను ఆకు అడుగునున్న నూగువలన వేరుపడు సందర్భములు పెక్కు గలవు.

పొట్టిగా, మృదువుగా, పలుచగా నున్న నూగును ప్యూబెసెంట్ అందురు. ఆ లాటిన్ పదమునకు మూలార్థము ప్రాయము వచ్చుచున్నది యని, అనగా బాలునికి పెదవిపైని మెత్తని రోమములు పొడసూపుచున్నవని; నూగుమీసాల ప్రాయము అని మనము చెప్పునపుడు లాటిన్‌వారు చూచినదానినే వారి సాయము లేకయే మనమును చూచితిమి. పొడవైన మెత్తని వెండ్రుకలు ఒకదానితో నొకటి కలియక విడివిడిగా నిలిచినచో విల్లస్. మన ప్రేవులలోపల అన్నరసమును గ్రహించు వ్రేళ్లవంటి మొలకలకు విల్లై యను పేరు ఆ మాటనుండియే వచ్చినది. ముతకగా గరుకుగా నున్నచో హిర్సూట్. నేడు మన రెండు జిల్లాల నల్లరేగళ్లను, చెల్క భూములను సైతము కప్పివేసిన పత్తికి 1763లో లిన్నేయస్ పెట్టిన పేరు గాసిపియం హిర్సూటం. పత్తిచేనిలో పనిచేయు స్త్రీలకు ఆ చెట్టు గరుకుదనము మోచేతులకు తెలియును.

లానేట్ అనునది ఊర్ణకు తోబుట్టువు. పొడవై, వంకరలు తిరిగి, ఒకదానిలో నొకటి పెనగొనిన వెండ్రుకలకు ఆ మాట. అది ఏకని ఉన్ని. మెట్టచేల గట్లమీద, ఇండ్ల గోడలవెంట తెల్లని కంకులతో మొలచు పిండికూరను, కొండపిండి యనియు పిలుచుదానిని, పాఠకులెల్లరు చూచియే యుందురు. మూత్రకృచ్ఛ్రమునకు మందుగా మన పల్లెలలో దానిని కాచి త్రాగుదురు. లిన్నేయస్ 1753లో దానికిచ్చిన లనాటా యను విశేషణమే నేటికిని నిలిచి, అది ఏర్వా లనాటా యైనది. మనవారికి దాని కంకి పిండి చల్లినట్లు కనబడెను. అతనికి ఉన్ని చుట్టినట్లు కనబడెను. రెండు చూపులును సత్యములే యని ఆ కంకిని చేత నలిపినవారికి తెలియును.

టొమెంటోస్ అను మాటను నేను అన్నిటికంటె ఎక్కువగా అభిమానింతును. పొట్టివై, దట్టములై, అట్టగట్టిన రోమములకది పేరు. దాని మూలమైన టొమెంటం అనగా దిండులో కూరు ఉన్ని, ఈకలు మొదలగు సామగ్రి. రేగుఆకును త్రిప్పి అడుగుభాగమును చూడుడు. పైన నున్నని ఆకుపచ్చ. క్రింద తెల్లని, దట్టమైన, వ్రేలితో రుద్దినను చెదరని నూగు. అది నేసి తడిపి మందమైన గొంగడి. అమరాబాదు అడవులలోని నల్లమద్దికి టొమెంటోసా యను విశేషణము నిచ్చిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోటవేసి, తెలుగుదేశపు మొక్కలను తెలుగుపేర్లతో సహా వ్రాసికొన్నవాడు. ఇక ఫ్లోకోస్ అనునది ఆ నూగు అంతటను సమముగా నిలువక, పింజలుపింజలుగా విడివడి రాలిపోవు స్థితి. జిల్లేడు లేతయాకుమీది తెల్లని దూది వ్రేలు తగిలినంతనే ఊడివచ్చును గదా, అది పాతగొంగడి.

ఇంత నూగు ఈ సీమమొక్కల కేల? పాలమూరు, నల్లగొండ జిల్లాలు రాతినేలలు, వానలు తక్కువ, వచ్చునవియు నిలుకడలేనివి, ఎండ మెండు. ఆకు అడుగునున్న సూక్ష్మరంధ్రములగుండ నీరు ఆవిరియై పోవుచుండును. నూగు ఆ రంధ్రములపైని గాలిని కదలనీయక పట్టియుంచుటచే ఆవిరి వేగము తగ్గును. తెల్లని నూగు ఎండను కొంత వెనుకకు మరల్చును. చిన్నపురుగు నోటికి ఆకు చిక్కక రోమములు అడ్డుపడును. కాపరి ఎండలోను గొంగడి భుజమున వేసికొని తిరుగుట చూచి పట్టణవాసులు ఆశ్చర్యపడుదురు, రేగుచెట్టు ఆశ్చర్యపడదు.

గొంగడినుండి తెలుగువారు స్వయముగా చేసికొన్న శాస్త్రపదమొకటి కలదు: గొంగళిపురుగు. ఆ మాటలో పోలికయు, వర్గీకరణమును, హెచ్చరికయు మూడును ఇమిడియున్నవి. ఈ రెండు జిల్లాల ఎర్రచెల్కలలో ఆముదమునకును వేరుసెనగకును పరమశత్రువైన ఎర్రగొంగళిపురుగు తొలకరివానలు పడినతోడనే భూమిలోని కోశములనుండి రెక్కలపురుగై వెలువడి, ఆకులమీద గ్రుడ్లు పెట్టును; పిల్లపురుగులు పెరిగి, ఒళ్లంతయు రోమములు కప్పికొని, ఒక చేను తిని ముగించి మందలు మందలుగా మరియొక చేనికి నడచిపోవును. రైతులు చేనిచుట్టు కందకము త్రవ్వుట, రాత్రి మంటలు వేసి రెక్కలపురుగులను ఆకర్షించి చంపుట, వేసవిలో లోతుగా దున్ని కోశములను ఎండకును కాకులకును అప్పగించుట, పురుగులు నడచు దారిలో జిల్లేడుకొమ్మలు వేసి అక్కడ గుమికూడినవానిని నాశనము చేయుట, ఇవి అనుభవమున నిలిచిన యుపాయములు. లార్వా యను మాట తెలియని రైతునకు గొంగళిపురుగు అనగానే దేనిని ముట్టరాదో, ఎప్పుడు చూడవలెనో, ఎక్కడ అడ్డవలెనో తెలిసిపోవును. పరిభాషకు ఇంతకుమించిన ప్రయోజనము నేనెరుగను.

ఆకాశమునకు పోయినను ఉన్ని మనలను విడువదు. 1802 డిసెంబరులో లండనునందు ల్యూక్ హోవార్డ్ అను ఔషధవర్తకుడు మేఘములకు లాటిన్ పేర్లు పెట్టుచు, పొరలుగా పరచినవానిని స్ట్రేటస్ అనియు, కుప్పలుగా లేచినవానిని క్యుములస్ అనియు, వెండ్రుకల పాయలవలె సాగినవానిని సిర్రస్ అనియు వర్ణించెను. తరువాతివారు ఇంకను సూక్ష్మముగా చూచి, అడుగున చిరిగినట్లుండి చిన్నచిన్న కుచ్చులుగా విడివడిన మేఘములకు ఫ్లోకస్ అను పేరు చేర్చిరి. ఉదయవేళ నడిమియెత్తున అట్టి కుచ్చులు కనిపించినచో అక్కడి గాలి నిలకడ తప్పినదని, మధ్యాహ్నము దాటిన పిమ్మట ఉరుములతో వాన రావచ్చునని వాతావరణజ్ఞులు గ్రహింతురు. దూదిపింజల మబ్బులు అని మన పిల్లలును పలుకుదురు. ఇక్కడ మన మాటయు వారి మాటయు అక్షరాల ఒకటే.

అట్లయిన, పింజ అను మాటకు మన శాస్త్రగ్రంథములలో గౌరవస్థాన మేల యుండరాదు? ద్రవములో చెదరియున్న సూక్ష్మకణములు ఒకదానినొకటి చేరి, కంటికి కనబడు తేలికపాటి కుచ్చులగుటను ఇంగ్లీషులో ఫ్లాక్యులేషన్ అందురు. దీనిని తెలుగులో పింజకట్టుట యన్నచో సరిపోవును. గడ్డకట్టుట వేరు, పింజకట్టుట వేరు. మొదటిదానిలో ముద్ద బిగువుగా నుండును, రెండవదానిలో వదులుగా, నడుమ ఖాళీలతో, కొంచెము కదలించినను విడిపోవునట్లుండును. పాలు విరిగినపుడు తరకలు, మురుగుపట్టినపుడు బూజు, నీటిలో తేలునది పింజ. మంచి పారిభాషికపదము వాక్యములో నిలిచి క్రియలను కనవలెను: పింజ కట్టినది, పింజ పెరిగినది, పింజ విడిపోయినది, పింజ దిగినది. ఇన్ని పనులును ఆ రెండక్షరములు చేయగలవు. సంస్కృతసమాసములయందు నాకు భక్తి కలదు. ఈ వ్యాసము నిండ అవియే యున్నవి. కాని ఊర్ణము మీద ప్రత్యయములు పేర్చి కొత్తమాటను కల్పించి, దానికి మరల వివరణ వ్రాయుటకంటె, వేపచెట్టు క్రింది అవ్వ యిచ్చిన మాటను గ్రహించుట శ్రేయస్కరమని నా నిశ్చయము.

పింజకట్టుట మన కాళ్లక్రింద నిత్యము జరుగుచున్నది. బంకమట్టి కణములు సున్నపుగుణము గల నేలలో పింజలుగా కూడి, నడుమ గాలికిని నీటికిని దారి యిచ్చును. చౌడునేలలో సోడియము హెచ్చుటచే ఆ కణములు విడివిడియై చెదరి, వాన పడినచో బురదయు ఎండినచో రాయియు నగును. జిప్సము చల్లినపుడు అందలి కాల్షియము సోడియమును త్రోసివేసి కణములను మరల చేర్చును. హంసలదీవికడ కృష్ణ సముద్రమును కలియునపుడు ఉప్పునీరు సోకినతోడనే నదిలోని మట్టి పింజకట్టి క్రిందికి దిగును. డెల్టా యేర్పడుటకు అదియు నొక కారణము. కల్లుకుండ అడుగున చేరు తెల్లని మడ్డిలోను ఒకదాని నొకటి పట్టుకొని దిగిన ఈస్టు కణములుండును.

మురికినీటిని తేర్చుటలో ఈ విద్య మనకు చిరకాలమునుండి తెలిసినదే. చిల్లగింజను, సంస్కృతమున కతకమను దానిని, కుండ లోపలివైపున అరగదీసి నీరు పోసినచో మట్టి దిగి నీరు తేటపడును; సుశ్రుతసంహిత నీటిని తేర్చు వస్తువులలో కతకమును పేర్కొన్నది. చిల్లగింజ దొరకనిచోట పటికముక్కను బిందెలో నాలుగు చుట్లు త్రిప్పుట మన యిండ్లలో అందరెరిగిన పని. మట్టికణములు ఋణవిద్యుత్తును ధరించి యొకదానినొకటి త్రోసికొనుచుండుటచే గంటలకొలది తేలుచుండును. పటికలోని అల్యూమినియము ఆ విద్యుత్తును అణచి, తానే తెల్లని జిగురుపింజయై, వానిని పట్టుకొని క్రిందికి దించును.

నల్లగొండ నీటి కథ వేరు. ఆ నీరు మురికినీరు కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతములలో ఎన్నో బావులనీరు గాజువలె నిర్మలముగా నుండును. అందున్న దోషము కంటికి కానరాదు, ముక్కునకు తెలియదు, కాచినను పోదు, పైగా నీరు మరిగి తగ్గినకొలది చిక్కబడును. ఈ సీమ నల్లరాతి, ఎర్రరాతి గ్రానైటు శిలలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు మెల్లగా కరగి భూగర్భజలములో చేరును. వానలు తక్కువై, నీరు రాతిచీలికలలో చిరకాలము నిలిచియుండుటచే దాని పాలు హెచ్చును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. మించిన నీటిని బాల్యమునుండి త్రాగినవారికి పండ్లు గోధుమరంగు మచ్చలతో గారపట్టును. ఏండ్లు గడచినకొలది ఎముకలు బిరుసెక్కి, కీళ్లు పట్టివేసి, వెన్ను వంగి, యౌవనములోనే వార్ధక్యము వచ్చును. తెలుగునేలపై ఈ వ్యాధిని 1937లో నెల్లూరుజిల్లాలో షార్ట్ మొదలగు వైద్యులు వర్ణించిరి. నల్లగొండజిల్లాలోని దానిని గూర్చి డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. మా చిన్ననాట మునుగోడు ప్రాంతపు బంధువులు వచ్చినపుడు, నలుబదియేండ్లవారు చాపమీద కూర్చుండలేక గోడ పట్టుకొని నిలుచుట చూచి, అది అక్కడి నేల స్వభావమని పెద్దలు చెప్పగా వింటిని. అది నేల స్వభావమే. కాని మనుష్యులు సహించి ఊరకుండవలసిన స్వభావము కాదు.

నాగపూరులో 1958లో స్థాపితమై, 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనాసంస్థ యను పేరు పొందిన సంస్థకు చెందిన నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అను శాస్త్రజ్ఞులు ఈ నీటికి విరుగుడుగా నొక పద్ధతిని కనుగొని 1975లో ప్రకటించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టిరి. ఒక వ్యాధిపీడిత ప్రాంతముపేర ఆ వ్యాధిని మాన్పు ప్రయత్నమే ప్రసిద్ధమగుట అరుదు. టాంజానియాలోను, ఇథియోపియాలోను, కెన్యాలోను, ఇట్టి శిలలు గల పల్లెలకు ఆ పద్ధతి చేరినపుడు మన యూరిపేరును దానితోపాటు చేరినది.

ఆ పద్ధతి యంతయు పింజమీద ఆధారపడినది. నలుబది లీటర్ల బకెట్టునకు అడుగునుండి మూడు నుండి అయిదు సెంటీమీటర్ల యెత్తున కుళాయి అమర్చుదురు. నీటిలో సున్నమును, పటికద్రావణమును, క్రిములు చచ్చుటకు బ్లీచింగుపొడిని కలుపుదురు. సున్నము పటికలో సుమారు ఇరువదవవంతు చాలును. పటిక నీటికి తెచ్చు పులుపును అది సరిదిద్దును. పటికపాలు మాత్రము ఫ్లోరైడునుబట్టియు, నీటిలోని క్షారగుణమునుబట్టియు మారుచుండును. ఒక యూరి లెక్క మరియొక యూరికి పనికిరాదు. కలిపిన వెంటనే వేగముగా త్రిప్పవలెను. మందు నీరంతట సమముగా వ్యాపించుట కది. ఆ వెనుక పది నుండి ఇరువది నిమిషములు మిక్కిలి మెల్లగా త్రిప్పవలెను. ఇక్కడనే చేతిపనితన మున్నది. ఇంతవరకు తేటగా నున్న నీటిలో ఎక్కడనుండియో పొగవంటి తెల్లదనము పుట్టి, చుక్కలై, చుక్కలు కలిసి నూగై, నూగు పింజలై, మెత్తగా తిరుగుచు పెరుగును. వేగము హెచ్చినచో పింజ చిరిగిపోవును. చాలనిచో ఒకదానినొకటి కలిసికొనదు. ఆ పింజ అల్యూమినియము హైడ్రాక్సైడు. కంటికి కనబడని ఫ్లోరైడు దాని యొడలిని అంటుకొని, దానిలో చిక్కుకొని యుండును. ఒక గంట కదపక ఉంచినచో పింజ దిగిపోవును. ఏకినంక పింజ యని యామె చెప్పినపుడు, విడదీసినది మరల మెత్తగా చేరుటయే దాని యర్థమని నేను గ్రహింపలేదు; నీటిలో చూచినపుడు గ్రహించితిని.

మురికినీటియందు పింజ మట్టిని దించును, మనము ఆ మట్టిని చూచి తృప్తిపడుదుము. ఇక్కడ తేటనీటిలో మనమే తెల్లదనమును పుట్టించి, దానిని దింపి, మరల తేటనీటినే త్రాగవలెను. మొదటి తేటదనమునకును రెండవ తేటదనమునకును గల భేదమును గృహిణికి నమ్మకము కలుగునట్లు చెప్పుట ఎంత కష్టమో ఊహింపుడు. నిత్యము కొలత తప్పక కలుపుట, కూలికి పోవలసిన యుదయమున గంటసేపు కాచుకొనియుండుట, పటిక ఎక్కువైనచో నీటిలో అల్యూమినియము మిగులుట, నీటి రుచి మారుట, ఫ్లోరైడు మిక్కిలి హెచ్చైన బావులకు ఈ పద్ధతి చాలకుండుట, ఇవి దాని లోపములు. అందువలన నల్లగొండ ప్రజలు కృష్ణానీటికై దశాబ్దములు పోరాడిరి. ఇంటింటికి నదీజలమును పంపుటకై తలపెట్టిన మిషన్ భగీరథ పైలానును 2015 జూనులో నాటి నల్లగొండజిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించుట ఆ పోరాటమును గుర్తించుటయే. రాతినీరు వదలి నదినీరు త్రాగుటకంటె మేలైన చికిత్స లేదు. ఆ నదినీటిని తేర్చుటకు సైతము శుద్ధికేంద్రములలో పటిక వేసి పింజకట్టించుటయే మొదటిపని.

పాలమూరిలోని ఆ మందలో నల్లగొర్రెలు తగ్గినవి. మాంసమునకు గిరాకి పెరుగుటచేతను, ముతక ఉన్నిని అడుగువారు లేకపోవుటచేతను, కాపరులు దక్కనీ మందలలోనికి నెల్లూరుజాతి పొట్టేళ్లను విడుచుచు వచ్చిరి; నెల్లూరు గొర్రెకు పొట్టి వెండ్రుకలే గాని వడుకదగిన ఉన్ని లేదు. బొచ్చు మిగులును, ఉన్ని పోవును. అవ్వ చెప్పిన నాలుగు మాటలలో మొదటిదానికే ఇక పని యుండునేమో యను దిగులు నాకు కలదు.

బకెట్టు విషయమున చెప్పవలసిన జాగ్రత్త యొకటి మిగిలినది. కుళాయి త్రిప్పి పైనీటిని బిందెకు పట్టుకొన్న పిమ్మట అడుగున చేరిన తెల్లని మడ్డిలో ఆ పూట నీటినుండి తీసిన ఫ్లోరైడంతయు నుండును. దానిని బావిగట్టుమీద గాని, పెరటి కూరపాదులలో గాని, పశువులు నీరు త్రాగు తొట్టిచెంత గాని పారబోయరాదు. ఊరికి దూరముగా, నీటివాలు లేనిచోట గొయ్యి త్రవ్వి అందులో పోసి, ఎండిన పిమ్మట మట్టి కప్పవలెను. ఎండినపుడది పొడియై గాలికి లేచును గనుక, ఆ మట్టి ఒక జానెడైనను ఉండవలెను.